బఠానీకి కొత్త పంజరం

పొద్దున్న ఆరున్నరకి స్టవ్ మీద పాలు పెట్టి హాల్లోకి వచ్చేసరికి పంజరం తలుపు బార్లా తెరిచి ఉంది. గడియ ఒక పక్కకి వేలాడుతోంది. రంపపు పొట్టులో గుంట చేసుకుని పడుకోవలసిన బఠానీ లోపల లేదు. నేను ముందు చేసిన పని దాన్ని వెతకడం కాదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆపేశాను. పాలు పొంగి చుర్రుమన్నా మా ఆయనకి మెలకువ వచ్చేస్తుంది.

బఠానీ మా అమ్మాయి పెంచుకునే హ్యామ్‌స్టర్. లేత గోధుమ రంగులో, పిడికిట్లో పట్టేంత ఉంటుంది. మూడు నెలల కిందట చిట్టి తొమ్మిదో పుట్టినరోజుకి వాళ్ళ నాన్న తెచ్చారు. వచ్చినవాళ్ళందరి ముందూ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూపిస్తే, కూతుర్ని ఎంత ముద్దు చేస్తారండీ అని అందరూ మెచ్చుకున్నారు. తెచ్చింది ఆయన, పేరు పెట్టింది చిట్టి, పొట్టు మార్చేదీ, నీళ్ళ సీసా కడిగేదీ, ఇల్లంతా కంపు కొడుతోందన్న మాట పడేదీ నేను. పంజరంతోపాటు అది దూరి పడుకోవడానికి ఒక చిన్న చెక్క గూడు కూడా ఇచ్చారు. రెండో వారంలోనే ఆయన ఆ గూడు తీసి చెత్తబుట్టలో పడేశారు. "కనిపించని జంతువుని పెంచుకోవడం దేనికి?" అన్నారు. నిజమే కదా అనిపించింది నాకు. ఆయన ఏమన్నా ముందు నిజమే కదా అనిపిస్తుంది. తర్వాతెప్పుడో, అంట్లు తోముతున్నప్పుడు, కాదేమో అనిపిస్తుంది.

అది బయటపడటం ఇది నాలుగోసారి. మొదటిసారి సోఫా వెనక దొరికింది. రెండోసారి కర్టెను మడతలో. మూడోసారి, మొన్న ఆదివారం, ఆయన ల్యాప్‌టాప్ ఛార్జరు వైరు కొరికాక దొరికింది. ఆ వైరు చూసి ఆయన అరవలేదు. అరిస్తే నాకు కొంత నయం, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు. కొరికిన చోట వైరుని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి, "ఇంకొక్కసారి అది నేల మీద కనిపించిందంటే నా పద్ధతిలో నేను చూసుకుంటా" అన్నారు, నీళ్ళు తీసుకురా అన్నంత మామూలుగా.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ జిగురు అట్టలు తెచ్చారు. ఎలుకల కోసం అమ్ముతారే, పుస్తకంలా తెరిస్తే లోపల జిగురు తళతళలాడుతూ ఉంటుంది, అవి. ఫ్రిజ్ కింద ఒకటి, స్టవ్ బల్ల కింద ఒకటి, వాషింగ్ మెషీను వెనక ఒకటి పెట్టారు. నాలుగోది చేతిలో పట్టుకుని "ఇలా రా" అని పిలిచారు. గరిటె చేత్తోనే వెళ్ళాను. గరిటె తీసి పక్కన పెట్టి, నా చూపుడువేలు పట్టుకుని ఆ జిగురు మీద ఆనించారు. గట్టిగా నొక్కలేదు. ఊరికే ఆనించి, కాసేపు అలాగే పట్టుకుని, "ఇప్పుడు లాగు" అన్నారు. లాగాను. రాలేదు. "చూశావా ఎలా పట్టుకుంటుందో" అని నవ్వి టీవీ ముందు కూర్చున్నారు. నూనె రాసుకుని వేలు ఊడదీసుకునేసరికి పైచర్మం కొంత అట్టకే ఉండిపోయింది. నాకు ఏడుపు రాలేదు. చిట్టి లోపల గదిలో హోంవర్కు చేసుకుంటోంది, దానికేమీ తెలియలేదు, ఇంకా నయం అనుకున్నాను. ఆ అట్ట కూడా చెప్పుల స్టాండు పక్కకి చేరింది.

ఆయన లేచేది ఏడింటికి. నాకున్నది అరగంట. ఖాళీ పంజరం మీద పాత తువ్వాలు కప్పి, టార్చి తీసుకుని ముందు అట్టలే చూశాను. ప్రతిచోటా కళ్ళు మూసుకుని వంగి, ఊపిరి బిగబట్టి, అప్పుడు తెరిచాను. ఫ్రిజ్ కింద ఏమీ లేదు. బల్ల కింద ఏమీ లేదు. వాషింగ్ మెషీను వెనక అట్ట మీద ఏదో కదిలింది. బొద్దింక. దాని మీసాలు ఇంకా ఆడుతున్నాయి. నేలమీద బోర్లా పడుకుని సోఫా కింద, అలమర కింద, చీపురు దూరని సందుల్లో వెలుతురు వేసి చూశాను. పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలో వేసి మెల్లిగా ఆడించాను. చివరికి ఏడింటికి అయిదు నిమిషాలుండగా చెప్పుల స్టాండులో, నేను డ్యూటీకి వేసుకునే బూటు లోపల, ముడుచుకుని కనిపించింది. అట్టకీ దానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. దాన్ని చేతిలోకి తీసుకుంటుండగా పడకగది తలుపు చప్పుడైంది. పంజరం దాకా వెళ్ళే వ్యవధి లేదు. నైటీ జేబులో వేసుకుని, చెయ్యి కూడా లోపలే ఉంచేశాను.

ఎడమచేత్తో టీ కప్పు పెట్టాను. ఆయన కప్పు వైపు చూడలేదు.

"చెయ్యి జేబులో ఎందుకుంది?"

"ఫోను."

"ఫోను అక్కడ ఛార్జింగులో ఉందిగా."

జేబులో దాని గుండె నా అరచేతికి తెలుస్తోంది, గడియారం ముల్లు పిచ్చెక్కి తిరుగుతున్నట్టు. అది కీచుమంటే అయిపోయింది. "వేలు మండుతోందండీ. గుడ్డ చుట్టుకున్నా" అన్నాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూశారు. ఆ జవాబు ఆయనకి నచ్చినట్టుంది. "మరి జాగ్రత్తగా ఉండాలి" అని కప్పు అందుకున్నారు. మా అత్తయ్య గదిలోంచి వచ్చి నా జేబుని, నా ముఖాన్ని ఒక్కసారి చూసి, "ఒరే, నీళ్ళు వేడెక్కాయి, స్నానానికి పో, టైమవుతోంది" అన్నారు. ఆయన లేచి వెళ్ళారు. నేను బఠానీని పంజరంలోకి దించి, తువ్వాలు మళ్ళీ కప్పాను.

ఆయన ఆఫీసుకి బయలుదేరాక అత్తయ్య దారపుండ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఆ గడియకి దారం కట్టు. గట్టిగా." నేను కడుతుంటే పక్కనే నిలబడి, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పారు. "పెళ్ళయిన కొత్తలో గిన్నె గిన్నెకి తగిలితే మీ మామయ్య లేచి వచ్చేవారు. చప్పుడు కాకుండా పెట్టడం నేర్చుకున్నాను. నువ్వూ నేర్చుకున్నావు. మా వాడు చెయ్యి చేసుకోడు కదా, అదే పదివేలు."

చెయ్యి చేసుకోరు. ఆ మాట నేనూ ఎంతమందికి చెప్పుకున్నానో. మా అక్క అడిగినప్పుడు చెప్పాను, అమ్మ అడగకముందే చెప్పాను. చెయ్యి చేసుకోని మనిషికి భయపడటం ఎలాగో ఎవరికీ వివరించలేం. ఆయన గుమ్మంలో నిలబడతారు, నేను దాటాలంటే తప్పుకోమని అడగాలి, అడిగితే "నిన్నెవరు ఆపారు" అంటారు. కూరలో ఉప్పు తగ్గితే కంచం తోసెయ్యరు, మూడు రోజులు మాట్లాడటం మానేస్తారు, నాలుగోరోజు హఠాత్తుగా ఒక గ్లాసు గోడకి తగిలి పగులుతుంది. ఒకసారి నా ఆఫీసు ఐడీ కార్డు కనిపించక ఇల్లంతా గంటసేపు వెతికాను. ఆయన సోఫాలో కూర్చుని నా వెతుకులాట చూస్తూనే ఉన్నారు. బస్సు వెళ్ళిపోయాక తన చొక్కా జేబులోంచి తీసి "ఇక్కడే ఉందిగా, సరిగ్గా చూసుకోవద్దూ" అన్నారు. ఇందులో దెబ్బ ఎక్కడుంది? చూపించమంటే నేను ఏం చూపించను?

నా ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. వచ్చినవాళ్ళ పేరు, వయసు కంప్యూటర్లో ఎక్కించి, సన్నటి సీసాల మీద చీటీలు అంటించడం. ఒక్క చీటీ తారుమారైతే ఒకరి జబ్బు ఇంకొకరికి పోతుంది. ఏడేళ్ళలో నా చేతిమీదుగా ఒక్కటీ తారుమారు కాలేదు. ఆ రోజు ప్రతి చీటీ పచ్చిగా ఉన్న వేలికి అతుక్కుని లాగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రక్తం తీసే ఆవిడ చూసి "ఏమైంది ఆ వేలికి?" అంది. పొద్దున చిట్టికి చెప్పినట్టే, వేడి గిన్నె తగిలిందన్నాను. మధ్యాహ్నం గంటసేపు పర్మిషన్ కావాలి, పంజరం కొనాలి అని సూపర్‌వైజరుని అడిగితే అందరికీ వినపడేలా నవ్వాడు. "ఎలుక పారిపోయిందా మేడమ్? పోలీసులకి చెబుదామా? మగవాళ్ళకి జ్వరమొచ్చినా సెలవు దొరకదు, మీకు ఎలుకలక్కూడా పర్మిషన్లు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పర్మిషన్ ఇవ్వడు.

పక్షులూ చేపలూ అమ్మే కొట్టులో ఒక పెద్దావిడ ఉంది. చేతుల నిండా చిలకల గోళ్ళ గాట్లు. హ్యామ్‌స్టర్ పారిపోలేని పంజరం కావాలన్నాను. ఆవిడ వెంటనే ఏదో అంటగట్టకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఎంతుంటుంది? కమ్ముల మధ్య నీ చిటికెనవేలు దూరుతుందా? దూరితే అదీ దూరుతుంది, ఒళ్ళంతా సాగదీసుకుని పోతుంది. తలుపు పైకి లేచేదా, పక్కకి తెరుచుకునేదా? పైకి లేచేదైతే ముక్కుతో ఎత్తేస్తుంది. అడుగున ప్లాస్టిక్ కొరికిన గుర్తులేమైనా ఉన్నాయా?" పొద్దున్న దారం కట్టాక తీసిన ఫొటో ఫోనులో ఉంటే చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఆ ఫొటోని పెద్దది చేసి చూసింది.

"ఇలాంటి గడియ నా దగ్గరా ఉంది" అని ఒక పంజరం దించి చూపించింది. "చూడు. పైకెత్తాలి, పక్కకి తిప్పాలి, అప్పుడు లాగాలి. ఇది నోటితో వచ్చేది కాదమ్మా. మీది పారిపోవడం లేదు. ఎవరో తలుపు తీస్తున్నారు."

ఆ కొట్టులో ఒకటే పిట్టల గోల. నాకు మాత్రం ఏమీ వినపడలేదు. ఆయనే. ఇంకెవరు? ఐడీ కార్డు దాచి నా ముఖం చూస్తూ కూర్చున్న మనిషి. గడియ తీసి, అట్టలు పెట్టి, నేను నేలమీద పాకుతూ వెతుకుతుంటే లోపల మంచం మీద మెలకువగా పడుకుని వింటున్నారేమో. జేబులో ఏముందో ముందే తెలిసి అడిగారేమో. కౌంటరు పట్టుకున్నాను.

"నీళ్ళు తాగుతావా?" అంది ఆవిడ. వద్దన్నాను. ఆవిడ నా వేలు చూసింది. గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి బయటికి తీసింది. గోడలు పారదర్శకంగా ఉన్నాయి, మూతకి సన్నటి ఇనుప జాలీ, రెండు పక్కలా బిగించే క్లిప్పులు, పట్టుకుని మొయ్యడానికి పిడి. "దీనికి చిన్న తాళం కూడా వేసుకోవచ్చు. సరే, మీ దాంట్లో అది దాక్కోవడానికి గూడు ఉందా?" లేదన్నాను. ఆవిడ తల ఊపింది. "అయితే ముందు అది కొను. దాక్కునే చోటు లేకపోతే ఇవి తిండి ఉన్నా బతకవు. బెంగతో పోతాయి." డబ్బా, గూడు, తాళం మూడూ తీసుకున్నాను.

నాలుగింటికి చిట్టిని బడి నుంచి తీసుకుని ఇంటికి వచ్చాం. ఆయన వచ్చేది ఆరున్నరకి. బట్టలైనా మార్చుకోకుండా కొత్త డబ్బాలో పొట్టు పరిచి, గూడు పెట్టి, నీళ్ళ సీసా తగిలించి, దారం తెంపి బఠానీని అందులోకి మార్చాను. అది ఒక చుట్టు వాసన చూసుకుని నేరుగా గూట్లోకి దూరిపోయింది. క్లిప్పులు బిగించి తాళం వేశాను. ఆ చిన్న చప్పుడుకి నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు తాళంచెవుల్నీ నా గొలుసుకి కట్టుకుంటుంటే చిట్టి నా మణికట్టు పట్టుకుంది.

"తాళం వద్దమ్మా."

"ఉండాలమ్మా. లేకపోతే ఆ అట్టలకి అతుక్కుంటుంది. నీకు తెలుసుగా."

"తాళం వేస్తే నాన్న వచ్చినప్పుడు ఎక్కడికి పోతుంది?"

నాకు అర్థం కాలేదు. కింద కూర్చుని దాని భుజాలు పట్టుకున్నాను. "నువ్వు తీశావా తలుపు?"

చిట్టి భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. లెక్కల మేడమ్‌కి ఎక్కం అప్పజెబుతున్నట్టు చెప్పింది. గ్లాసు పగిలిన రోజు తీసిందట. నానమ్మ మీద అరిచిన రోజు తీసిందట. ఆదివారం పొద్దున నేను బాత్‌రూములో ఉండగా ఆయన బయట నిలబడి చాలాసేపు తలుపు కొట్టినప్పుడు తీసిందట. "నిన్న నాన్న నీ వేలు జిగురులో పెట్టాడు కదా, అప్పుడు తీద్దామనుకున్నా. నాన్న హాల్లోనే ఉన్నాడు. అందుకే పొద్దున్నే తీశా. దానికి గూడు లేదుగా. అన్ని వైపులా కనిపిస్తుంది."

"ఆ అట్టలుండగా ఎలా తీశావే?"

"బూటులో పెట్టాను. నీ బూట్లు నాన్న ముట్టుకోడు."

గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. అది ఇంకా చెబుతూనే ఉంది. నాన్న గుమ్మంలో తాళంచెవి ఒకసారి తిప్పితే మామూలుగా వచ్చినట్టట. లోపలికి పెట్టి, తీసి, మళ్ళీ పెడితే కోపంగా వచ్చినట్టట. ఆ తేడా ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఆ చప్పుడు వినగానే టీవీ గొంతు తగ్గించేది నేను, అత్తయ్యని గదిలోకి పంపేది నేను, చిట్టి ముందు నవ్వు ముఖం పెట్టేది నేను. తొమ్మిదేళ్ళుగా దీనికేమీ తెలియకుండా కాపాడుకొస్తున్నానని నాకెంత గర్వమో. కాపాడటమంటే గది తలుపు దగ్గరికి వెయ్యడమనుకున్నాను.

"మరి అప్పుడు నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఇదివరకు బట్టల అలమర కింద అరలో దూరేదాన్ని. ఇప్పుడు పట్టట్లేదు. పొడుగయ్యాను కదా."

అయిదుంపావైంది. నేను లేచి తాళం తీసేశాను, క్లిప్పులు మాత్రం బిగించి ఉంచాను. చిట్టి బడిసంచీలో ఆ రోజు పుస్తకాలు అలాగే ఉంచి, రెండు జతల బట్టలు కుక్కాను. నా సర్టిఫికెట్లు, దాని పుట్టిన సర్టిఫికెట్టు, బ్యాంకు పుస్తకం అలమరలో పాత చీర మడతలో ఉన్నాయి. అవి అక్కడ పెట్టింది నేనే, రెండేళ్ళ కిందట. ఎందుకు పెడుతున్నానో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. జిప్పు పట్టడం లేదు. ప్రతి చప్పుడుకీ గుమ్మం వైపు చూస్తున్నాను. బయట ఎవరింటి తలుపో పడితే సంచీ వదిలేసి నిలబడిపోయాను.

వెనక్కి తిరిగేసరికి అత్తయ్య నిలబడి ఉన్నారు. మా మాటలు విన్నట్టున్నారు.

"ఎక్కడికి?"

"మా అక్క దగ్గరికి."

"ఎప్పుడొస్తావు?"

నేను జిప్పు లాగుతూనే ఉన్నాను. ఆవిడ సంచీ లాక్కుని, నాకు పట్టని జిప్పుని ఒక్క లాగున వేశారు. "మీరూ రండి అత్తయ్యా" అన్నాను. "నన్నేం చేస్తాడు, నా కొడుకు" అన్నారు. అంటూ నా కళ్ళలోకి చూడలేకపోయారు. చిట్టి తల నిమిరి, తలుపు కొంచెం తెరిచి, బయటికి తొంగిచూసి, "లిఫ్టులో పోకు. వాడు ఒక్కోరోజు ముందే వస్తాడు. మెట్లమీంచి దిగు" అన్నారు.

మాది నాలుగో అంతస్తు. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో చిట్టి చెయ్యి, భుజాన సంచీ. మూడో అంతస్తు దగ్గర ఉండగా లిఫ్టు పైకి వెళ్తున్న చప్పుడు వినిపించింది. గోడకి అతుక్కుని నిలబడ్డాం. తలుపు సందులోంచి వెలుతురు గీతలా మా మీదుగా పాకి పైకి పోయింది. అందులో ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. చిట్టి అడుగు చప్పుడు కాకుండా మెట్లు దిగుతోంది, మునివేళ్ళ మీద, గోడ పక్కనుంచి. ఎవరూ నేర్పలేదు దానికి. నన్ను చూసి నేర్చుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను. మూడు స్టాపులు దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఫోను మోగింది. ఆయన పేరు చూసి చెయ్యి దానంతటదే లేచింది, మళ్ళీ దించాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. చిట్టి నా ముఖం వైపే చూస్తోంది, ఇప్పుడు ఎక్కడ దూరాలో వెతుక్కుంటున్నట్టు. ఫోను ఆపేసి సంచీలో వేశాను.

కాసేపటికి నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది. "పెద్దమ్మ ఏమైందని అడిగితే ఏం చెప్పాలమ్మా? వేడి గిన్నె తగిలిందని చెప్పాలా?"

"వద్దు. నేనే చెబుతాను, అన్నీ" అన్నాను. "నువ్వు నా పక్కనే కూర్చో. నేనేదైనా దాటేస్తే నువ్వు చెప్పు."